దంపతులు కారు

ప్రజల అలవాట్లను బాగుచేయడానికి ప్రభుత్వం ఒక శాఖ పెట్టింది. దాని పూర్తి పేరు చదివేలోపు చేతిలో టీ చల్లారిపోతుంది కాబట్టి అందరూ అలవాట్ల శాఖ అనే అంటారు. పళ్లు ఎంతసేపు తోముకోవాలి, క్యూలో ముందువాడికి ఎంత ఎడంగా నిలబడాలి, పెళ్లి విస్తట్లో ఎంత వదిలేస్తే మర్యాద అనే విషయాల మీద ఆ శాఖ ఏడాది పొడుగునా సర్క్యులర్లు పంపుతూ ఉంటుంది. జనం వాటిని చదవరు. చదవరని శాఖకూ తెలుసు. దానివల్ల ఇరుపక్షాలకూ ఏ ఇబ్బందీ రాలేదు.

విశాఖపట్నంలో ఆ శాఖ ఆఫీసుకు ఇజ్జాడ నరసింగరావు సూపరింటెండెంటు. రూలు రాయడంలో ఆయన్ని కొట్టేవాడు లేడు. ఏ రూలైనా రాసేముందు కళ్లు మూసుకుని, తెలివి మీరిన వెధవ ఒకడు దీన్ని ఎలా తప్పించుకుంటాడా అని ఆలోచించేవాడు. దారి కనబడగానే అక్కడొక ఉపనిబంధన అడ్డం పెట్టేవాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన రాసిన రూల్లోంచి ఒక్కడు కూడా తప్పించుకోలేదని ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవారు. వాటిని ఉపయోగించుకున్నవాడు కూడా ఒక్కడూ లేడని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆయన భార్య సత్యవేణి. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. కూతురు హాస్టల్లో చేరాక క్వార్టర్లో ఇద్దరే మిగిలారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ భర్తని ఒకే ఒక్క కోరిక కోరింది. కార్తీకమాసంలో అరకు కొండల్లో వలిసెపూలు పూస్తాయి, రైలెక్కి వెళ్లి ఇద్దరం చూసొద్దాం అంది. చేనుకు చేను పసుపు ఆరబోసినట్టు ఉంటుందని చిన్నప్పుడు వాళ్ల టీచరమ్మ చెప్పిందట. రైల్లో నాలుగు గంటలు కూర్చుంటే వచ్చే ఊరు. అయితే పూలుండేది కొద్ది వారాలే, సరిగ్గా ఆ వారాల్లోనే శాఖవారి అర్ధవార్షిక నివేదిక పైకి వెళ్లాలి. నివేదిక ఇరవై రెండుసార్లు వెళ్లింది. సత్యవేణి ఒక్కసారీ వెళ్లలేదు.

ఇలా ఉండగా ఆగస్టు నెలలో కమిషనరు గారు విదేశంలో సదస్సు ముగించుకుని వచ్చారు. వస్తూ ఒక రంగుల పుస్తకం తెచ్చారు. వచ్చిన మర్నాడే సమావేశం పెట్టి, ఆ పుస్తకాన్ని బల్లమీద పరిచారు.

"అక్కడి దంపతులు కారు ముట్టుకోరు. శరదృతువులో శనివారం పొద్దున్నే రైలెక్కి ఎక్కడికో వెళ్తారు. రెండు రోజులు ఆకులు రాలడం చూసి, చేతులు పట్టుకుని నడిచి, మళ్లీ రైల్లోనే వస్తారు. ఎంత ఉన్నతమైన అలవాటు. దీన్ని మన ఉద్యోగుల్లో తక్షణమే నెలకొల్పవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది," అన్నారు.

శాఖలో ఉన్న నలభై ఒక్కమందిలో కారున్నది కమిషనరు గారొక్కరికే. మిగిలిన నలభైమందీ పుట్టిన దగ్గర్నుంచీ కారు లేకుండానే తిరుగుతున్నారు. కానీ అది వాళ్ల బతుకు మాత్రమే, పథకం కాదు. పథకం కావాలంటే పేరుండాలి. 'కారు రహిత శరద్విహార పథకము' అని కమిషనరు గారే పేరు పెట్టారు.

అభ్యంతరాల విభాగం అధికారి పేరిశాస్త్రి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఉద్యోగమే అభ్యంతరం చెప్పడం. నెలకు ఇన్ని అని పైకి పంపాలి.

"సార్, మనవి. ఆకులు రాలేది శిశిరంలో. శరత్తులో రాలవు. శరత్తులో వెన్నెల బాగుంటుంది."

కమిషనరు గారు పుస్తకంలో బొమ్మ చూశారు. బొమ్మలో ఆకులు రాలుతూనే ఉన్నాయి.

"వెన్నెలను ఫైలుకు జతచేయలేం శాస్త్రిగారూ. ఆకును చేయగలం. ప్రతి జంటా తమంతట తాముగా రాలిన ఆకులు మూడు తెచ్చి సమర్పించాలి. నరసింగరావ్, రాసుకో."

నరసింగరావు రాసుకున్నాడు. ఆ క్షణంలో అతని గుండె ఎందుకంత కొట్టుకుంటోందో పక్కవాళ్లకి తెలీదు. శరదృతువంటే కార్తీకం. రైలంటే అరకు రైలు. దంపతులంటే తనూ సత్యవేణీ. సెలవు అడగనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. నివేదికను దాటుకుని కొండమీదికి వెళ్లడానికి సర్కారే దారి వేస్తోంది. అతను సాయంత్రం ఇంటికి వస్తూ మల్లెపూలు కొన్నాడు. అలా కొని చాలా ఏళ్లయింది కాబట్టి మూర ఎంతో అతనికి తెలియలేదు.

"ఈసారి నిన్ను అరకు తీసుకెళ్తున్నా. గవర్నమెంటే పంపిస్తోంది," అన్నాడు.

సత్యవేణి పూలవైపు చూసింది, భర్తవైపు చూసింది.

"గవర్నమెంటు పంపిస్తేగానీ తీసుకెళ్లరేటి?"

"అది కాదే. వెళ్లిన రెండ్రోజులూ డ్యూటీ కిందే లెక్క."

"నాతో ఉండడం డ్యూటీలోకి వచ్చిందన్నమాట. సరే, ఏదో ఒక దాన్లోకి వచ్చింది," అని ఆవిడ పూలు తీసుకుంది. ఆవిడ నమ్మలేదుగానీ, మర్నాడు అటకమీది సూట్‌కేసు దించి తుడిచింది.

నరసింగరావు పదకొండు రోజులు కూర్చుని రూల్సు రాశాడు. తను వెళ్లే విహారమే కదా, కాస్త చూసీచూడనట్టు రాద్దామన్న ఆలోచన అతనికి రాలేదు. రానీయలేదు. కారంటే ఏమిటన్నది మొదట తేల్చాడు: నాలుగు చక్రములు కలిగినది, లేదా ఒకప్పుడు కలిగియుండినది. తెలివిమీరిన వెధవ ఆటో ఎక్కుతాడని ఊహించి, ఆటోను ముప్పాతిక కారుగా పరిగణించవలెనని రాశాడు. కోసిన ఆకు, చెట్టును ఊపగా రాలిన ఆకు, మేక తినగా మిగిలిన ఆకు చెల్లవన్నాడు. చివర్న ఆ వెధవ ఎవరో ఒకావిణ్ణి తీసుకొచ్చి ఇదిగో నా భార్య అనే ప్రమాదం ఉంది కదా. అందుకని ఏడో నిబంధన రాశాడు. "దంపతులు కాని వారి దరఖాస్తు గాని, అభ్యంతరము గాని, సవరణ కోరిక గాని స్వీకరింపబడదు. ఎవరు దంపతులు, ఎవరు కారు అను విషయమున శాఖ ముద్ర గల ఉత్తర్వే తుది మాట."

కమిషనరు గారు ఏడో నిబంధన రెండుసార్లు చదివి, నరసింగరావు భుజం తట్టారు. పథకం కింద మొదటి జంటగా అతన్నే పంపాలని అక్కడికక్కడే నిర్ణయించారు.

అక్టోబరు వచ్చింది. విహార ప్రణాళిక మూడు ప్రతుల్లో సమర్పించాలి. నరసింగరావు గంట గంటకూ రాసి పెట్టాడు. "10.40 కిటికీ గుండా బయటకు చూచుట. 10.55 ఆనందించుట. 11.10 అరకు చేరుట." పేరిశాస్త్రి గారు ఎర్ర పెన్నుతో మార్జిన్లో ప్రశ్న వేశారు: "ఆనందించుటకు పదిహేను నిమిషములు చాలునా? చాలునన్నచో ఆధారమేమి?" ఆ ప్రశ్నకి జవాబు వెళ్లి, జవాబు మీద ప్రశ్న వచ్చి, చివరికి ఇరవై నిమిషాలకి ఒప్పందం కుదిరేసరికి ఎనిమిది రోజులు పట్టింది.

ఆ తర్వాత టికెట్ల నకలు జతచేశాడు. మర్నాడు పేరిశాస్త్రి గారు స్వయంగా వచ్చారు. నకలు మీద రెండు మాటల చుట్టూ సున్నా చుట్టి ఉంది.

"ఏమిటయ్యా ఇది?"

"రైలు టికెట్టు సార్."

"ఏ తరగతి?"

"చైర్ కార్ సార్."

పేరిశాస్త్రి గారు ఆ సున్నా మీద వేలు పెట్టారు. నరసింగరావు తన నోటినుంచి వచ్చిన మాట తనే విని కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు వ్యక్తిగతంగా మీమీద ఏమీ లేదు. కానీ కుర్చీలున్నంత మాత్రాన కారు కారు కాకుండా పోదు. చక్రాలు నాలుగా అంటే అంతకంటే ఎక్కువే ఉన్నాయి," అన్నారు పేరిశాస్త్రి గారు.

నిజానికి నరసింగరావుకు కోపం రాలేదు. తనకి తట్టని కంత ఇంకొకరికి తట్టిందే అని కాస్త అసూయ కలిగింది. ఆ టికెట్లు రద్దుచేసి, మామూలు రెండో తరగతివి తీసుకున్నాడు. ఈ లోపల దీపావళి అయిపోయింది. అరకులో పూలు విప్పారాయని పేపర్లో ఫోటో వచ్చింది. సత్యవేణి ఆ పేపరు మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది.

నవంబరు రెండోవారంలో ఉత్తర్వు తయారైంది. కమిషనరు గారికి మళ్లీ ఒక ఆలోచన వచ్చింది. పథకానికి గుర్తుగా ప్రతి కాగితానికీ కుడివైపు పెద్ద ఎండుటాకు బొమ్మ ఉండాలన్నారు. టైపిస్టు గ్లోరీ బొమ్మ పెట్టింది. బొమ్మకు చోటివ్వడానికి అక్షరాలన్నీ ఎడమవైపు జరిగి, కిందికి దిగి, అరపేజీ ఉత్తర్వు రెండో పేజీలోకి పోయింది. మొదటి పేజీ అడుగున ఇలా ఉంది: "పై సూచికలన్నియు క్షుణ్ణముగా పరిశీలించిన మీదట తెలియజేయునది ఏమనగా, సూపరింటెండెంటు శ్రీ ఇజ్జాడ నరసింగరావు, శ్రీమతి సత్యవేణి దంపతులు కారు". రెండో పేజీ ఇలా మొదలైంది: "రహిత శరద్విహార పథకమునకు ప్రథమ జంటగా ఎంపిక చేయబడిరి."

పర్యావరణం దృష్ట్యా ఏ ఉత్తర్వూ ఒక పేజీ దాటరాదని శాఖ అంతకుముందే ఇంకో రూలు పెట్టి ఉంది. కాబట్టి కంప్యూటరు మొదటి పేజీ మాత్రమే తీసుకుంది. వాక్యం పూర్తయిందో లేదో చూసుకుంది. పూర్తయినట్టే ఉంది. చివర చుక్క పెట్టి, శాఖ ముద్ర వేసి, అన్ని విభాగాలకూ పంపేసింది.

నరసింగరావు, సత్యవేణి దంపతులు కారు.

రెండు రోజుల్లో ఫలితాలు రావడం మొదలైంది. దంపతులకిచ్చే విహారపు అనుమతి తిరస్కరించారు. ఆరోగ్య కార్డులోంచి సత్యవేణి పేరు తీసేశారు. మూడోరోజు పొద్దున్న క్వార్టర్ల విభాగం వాళ్లు తలుపుకి నోటీసు అంటించి వెళ్లారు. సత్యవేణి దాన్ని ఊడదీసి వంటింటి గట్టుమీద పెట్టుకుని చదివింది.

"ఏవండీ, మీ క్వార్టర్లో అనుమతి లేకుండా నివసించుచున్న సదరు మహిళ ఎవరు అని అడుగుతున్నారు. సదరు మహిళంటే నేనేనా?"

"చిన్న పొరపాటు. పేజీ విరిగింది. ఇవాళే సవరణ వేయిస్తాను."

"సదరు మహిళ ఇడ్లీ పెట్టింది, తినేసి వెళ్లండి," అంది ఆవిడ.

ఆఫీసుకు వెళ్లగానే నరసింగరావు సవరణ కోరుతూ దరఖాస్తు రాసి పేరిశాస్త్రి గారికి ఇచ్చాడు. ఆయన దాన్ని చదవకుండానే వెనక్కి తోశారు.

"ఏడో నిబంధన. దంపతులు కాని వారి సవరణ కోరిక స్వీకరించకూడదు."

"మేం దంపతులమే అని చెప్పడానికే కదండీ సవరణ అడుగుతున్నాను."

"దంపతులైతే అడగవచ్చు. కాదని ముద్ర ఉంది. తుది మాట అది. నేను రాసిందా, మీరు రాసిందా?"

"నేనే రాశానండి."

"చక్కగా రాశారు. మూడు రోజులుగా వెతుకుతున్నాను, ఎక్కడా సందు లేదు," అన్నారు పేరిశాస్త్రి గారు మనస్ఫూర్తిగా.

నరసింగరావు పెళ్లి ఫోటోల ఆల్బమ్ తీసుకెళ్లాడు. పెళ్లి సత్రంలో జరిగింది, రిజిస్ట్రేషను లేదు. శాస్త్రిగారు భూతద్దం పెట్టి చూసి, ముఖ్యమైన ఫోటోలో వధూవరుల మధ్య తెర అడ్డంగా ఉన్నందువల్ల ఆ పక్కనున్నది ఈ వధువే అని చెప్పలేమని రాశారు. జీలకర్ర బెల్లం ఫోటోలో ఎవరి చెయ్యి ఎవరి తలమీద ఉందో తేలలేదన్నారు. నరసింగరావు ఇక ఆగలేక కమిషనరు గారి గదిలోకి వెళ్లాడు.

"సార్, మాకు పద్దెనిమిదేళ్ల కూతురుంది."

"సంతోషం. కానీ కూతురున్నంత మాత్రాన దాంపత్యం నిర్ధారణ అయినట్టు శాఖ భావించజాలదు," అన్నారు కమిషనరు గారు. తర్వాత కళ్లు మెరుస్తుండగా ముందుకు వంగారు. "నువ్వు దిగులుపడకు. దీనికి మహత్తరమైన పరిష్కారం ఆలోచించాను. మీ ఇద్దరికీ శాఖే పెళ్లి చేస్తుంది."

"సార్?"

"కారు రహిత కల్యాణం. రైల్వే ప్లాట్‌ఫారం మీద. మగపెళ్లివారు ఒక రైల్లో, ఆడపెళ్లివారు ఇంకో రైల్లో వస్తారు. పెళ్లి కాగానే దంపతులని ముద్ర వేసి, అదే రైల్లో విహారానికి పంపేస్తాం. ఒక్క దెబ్బకి పథకం ప్రారంభం, నీ సమస్యకు ముగింపు. ముహూర్తం మాఘంలో, ఫిబ్రవరి పద్నాలుగుకి కుదిరింది. అప్పటికి ఆకులు కూడా రాలుతుంటాయి. శాస్త్రిగారి అభ్యంతరం తీరిపోతుంది."

పేరిశాస్త్రి గారు తల ఊపారు. అభ్యంతరం తీరినందుకు ఆయన మొహంలో కొద్దిగా విచారం కనబడింది.

"ఫిబ్రవరికి పూలుండవు సార్," అన్నాడు నరసింగరావు.

"ఏ పూలు?"

"వలిసెపూలండి. ఈ శనివారం దాటితే అవి కూడా ఉండవు."

"ప్రణాళికలో పూలు లేవే. కిటికీ గుండా చూచుట, ఆనందించుట, ఆకులు సేకరించుట, అంతే ఉంది," అని కమిషనరు గారు ఫైలు తిరగేసి చూశారు. ఆయన అన్నది నిజమే. ఇరవై రెండేళ్లుగా అడుగుతున్న పూలమాట రాయడం నరసింగరావు మరిచిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి సత్యవేణి సూట్‌కేసు మంచం మీద పెట్టి చీరలు సర్దుతోంది. నరసింగరావు గుమ్మంలో నిలబడి ఫిబ్రవరి పెళ్లి సంగతి చెప్పాడు. ప్లాట్‌ఫారం, రెండు రైళ్లు, ముహూర్తం అన్నీ వివరంగా చెప్పాడు. ఆవిడ చీరలు సర్దుతూనే వింది.

"నేను శనివారం పొద్దున్న పాసింజరుకి వెళ్తున్నాను," అంది చివరికి.

"ఎవరితో?"

"ఆ మాట అడగడానికి మీరు నాకేటవుతారు? కాగితం మీద ఏటీ కారు కదా."

"వేణీ, అది పేజీ విరగడం వల్ల వచ్చిన పొరపాటు."

"నాకలా అనిపించలేదండీ." సత్యవేణి చీర మడత పక్కన పెట్టి కూర్చుంది. "ఆ కాగితం చదివాక నాలుగు రోజుల్నుంచి ఆలోచిస్తున్నాను. మనిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లామా? సినిమాకెళ్తే ఇంటర్వెల్లో వచ్చి కూర్చున్నారు. పిల్ల పుట్టినప్పుడు ఏదో ఇన్‌స్పెక్షనన్నారు. నేను మీ ఇంట్లో వంట చేశాను, మీరు నా వంట తిన్నారు. దాన్ని దంపతులంటారో లేదో నాకు తెలీదు. మీ ఆఫీసు ఇన్నాళ్లకి ఒక్కటి నిజం రాసిందేమో అనిపించింది. నాకు చాలా బాధేసింది."

నరసింగరావు దగ్గర దానికి ఉపనిబంధన లేదు. అతను మంచం చివర కూర్చున్నాడు. శనివారం పనిరోజు. విహారానికి అనుమతి లేదన్నారు. ఆదివారంనాడు నివేదిక ముసాయిదా సరిచూడాలి. ఉత్తర్వు లేకుండా అతను ఇంతవరకు ఊరి పొలిమేర దాటలేదు. అనుమతి లేని గైర్హాజరు అన్న మాట తన పేరు పక్కన ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. తను ఆ మాట కింద ఎంతమందికి మెమోలు రాశాడో కూడా గుర్తొచ్చింది. శుక్రవారం ఆఫీసులో రోజంతా సెలవు చీటీ ముందు పెట్టుకుని కూర్చుని, ఒక్క అక్షరం రాయకుండా సొరుగులో పడేసి వచ్చాడు.

శనివారం తెల్లవారగానే సత్యవేణి సూట్‌కేసుతో వీధిలోకి వస్తే, నరసింగరావు ఆటో ఆపి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆవిడ సూట్‌కేసు అతని చేతికిచ్చింది. ముప్పాతిక కారెక్కి ఇద్దరూ స్టేషనుకు వెళ్లారు.

రైలు నిండా జనం. నరసింగరావు ఎవర్నో బతిమాలి కిటికీ పక్కసీటు సంపాదించి సత్యవేణికిచ్చాడు. తను ఎదుటి బల్లమీద కాస్త జాగాలో ఇరుక్కుని కూర్చున్నాడు. సొరంగాలు మొదలయ్యాక కొండ ఊరి ముసలావిడ ఒకామె, ఒళ్లో బుట్ట పెట్టుకుని ఇద్దర్నీ పరీక్షగా చూసింది.

"మీ మావేనా?" అని అడిగింది సత్యవేణిని.

"ఆపీసోళ్లు కాదంటన్నారు," అంది సత్యవేణి, ముసలావిడ యాసలోనే.

"ఆపీసోళ్లకేటి తెలుసు. కిటికీకాడ కూకోబెట్నాడు గదా," అని ముసలావిడ బుట్టలోంచి జామకాయ తీసి ఇద్దరికీ చెరి సగం చేసి ఇచ్చింది.

అరకులో దిగి అడిగితే, మీరు రెండు వారాలు ఆలస్యంగా వచ్చారన్నారు. దారిపొడుగునా చేలు గింజ కట్టి గోధుమరంగుకు తిరిగిపోయాయి. సత్యవేణి చేలవైపు చూడకుండా నడుస్తోంది. నరసింగరావు కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి, ఎక్కడైనా ఇంకా పూలు మిగిలాయా అని అడుగుతూ నడిచాడు. మూడు మైళ్లు నడిచాక, ఆలస్యంగా విత్తిన చేను ఒకటి కొండవాలులో ఉందని ఒక రైతు చెప్పాడు. మలుపు తిరగ్గానే అది కనబడింది. ఎకరం కూడా ఉండదు. ఒక్క పువ్వు కూడా వాడలేదు.

సత్యవేణి గట్టుమీద నిలబడిపోయింది. కాసేపటికి చెప్పులు విప్పి చేనులోకి దిగింది. నడుం దాకా పసుపులో నిలబడి వెనక్కి తిరిగి నవ్వింది. పెళ్లిచూపుల్లో నవ్విన నవ్వు అది. మధ్యలో ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందో నరసింగరావుకు తెలీదు, ఎప్పుడు పోయిందో కూడా చూసుకోలేదు. అతనికి సిగ్గేసింది. ఈ మనిషిని ఇంత చిన్నదానికి ఇరవై రెండేళ్లు ఆపినందుకు ఏడుపొచ్చింది. అంతలోనే చాలా సంతోషమూ వేసింది. గడియారం చూడలేదు కాబట్టి ఎన్ని నిమిషాలు ఆనందించాడో చెప్పలేం.

సోమవారం ఆఫీసులో బల్లమీద మెమో ఉంది. సదరు ఉద్యోగి అనుమతి లేకుండా గైర్హాజరగుటయే గాక, శాఖ ఉత్తర్వు ప్రకారము తనకు ఏమీ కాని మహిళతో ప్రయాణించినట్లు తెలియవచ్చినదని, మూడు గడుల్లో వివరణ ఇవ్వాలని ఉంది. మొదటి గడి, వెళ్లిన కారణం. ఆఫీసంతా అతను ఎన్ని పేజీలు రాస్తాడా అని చూసింది. పేరిశాస్త్రి గారు ఎర్ర పెన్ను మూత తీసి పట్టుకున్నారు. నరసింగరావు "పూలు చూడ్డానికి" అని రాశాడు. రెండో గడి, అనుమతి ఎందుకు తీసుకోలేదు. "తీసుకుంటే పూలుండవు" అని రాశాడు.

పేరిశాస్త్రి గారు రెండు జవాబులూ చాలాసేపు చూశారు. "ఏ రూలు కింద?" అన్నారు.

"ఏ రూలూ లేదండి," అన్నాడు నరసింగరావు.

మూడో గడి నింపడానికి మాత్రం అతనికి అధికారం లేదు. "సదరు ఉద్యోగికి, సదరు మహిళకు గల సంబంధమేమి? (సదరు మహిళ స్వదస్తూరితో పూరించవలెను)" అని ఉంది. సాయంత్రం మెమో ఇంటికి తెచ్చి సత్యవేణి ముందు పెట్టాడు. ఏం రాయాలో చెప్పబోయి, చెప్పకుండా ఊరుకుని, పెన్ను ఇచ్చాడు. ఆవిడ చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, పై గడుల్లో అతను రాసింది ముందు చదివింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో నింపాదిగా రాసి, కాగితం అతనివైపు తిప్పింది.

"పరిశీలనలో ఉన్నది. వచ్చే సంవత్సరము వలిసెపూలు పూసిన పిమ్మట తెలియజేయబడును."

నరసింగరావు దాన్ని రెండుసార్లు చదివాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే మెమో పేరిశాస్త్రి గారికి అప్పగించి, వచ్చే నవంబరు మొదటి వారానికి ఏడాది ముందుగా సెలవు చీటీ రాశాడు. కారణం అన్నచోట "జవాబు వినడానికి" అని రాసి సంతకం పెట్టాడు.